పార్లమెంట్ల బండలేసిన ఎంకయ్య

మా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ వరండాలో కదులుతున్న నాపరాళ్లు సరిచేయడానికి రాంనగర్ బస్తీ నుంచి ఎంకయ్య వచ్చాడు. పాలమూరు మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. లోపల నేను కొత్త పార్లమెంటు భవనం గురించి పాఠం చెబుతున్నాను. త్రికోణాకారం, లోక్‌సభకు నెమలి, రాజ్యసభకు తామర. పోటీ పరీక్షల పిల్లలకు ఎంత భవనమైనా రెండు మార్కులే.

వరండాలో సుత్తి చప్పుడు ఆగింది. ఎంకయ్య తలుపు దగ్గరికొచ్చాడు.

“మేడం, గా పార్లమెంట్ల నేను బండలేసిన.”

మావాళ్లది గుడివాడ. చిక్కడపల్లిలో పుట్టి పెరిగినా నా చెవి ఇంకా అటువైపే. మా ఇంట్లో బండంటే బండరాయి.

“రాళ్లు విసిరావా? పోలీసులు పట్టుకోలేదా?” అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. అర్థమైనవాళ్లు కూడా నవ్వారు, అదీ దుర్మార్గం.

“ఇసురుడు గాదు మేడం. కింద పరుసుడు,” అని అరచేత్తో గాలిని చదును చేసి చూపించాడు.

నాకు సిగ్గేసింది. లోపలికి రమ్మని కుర్చీ వేయించాను. కూర్చోలేదు.

“లోపల ఎట్లుంటది కాకా?” అని పిల్లలు అడిగారు.

“నాకేమెరుక బిడ్డా? ఏడాదిన్నర మోకాళ్ల మీదనే ఉన్న. మట్టం జర తప్పితే ఇప్పి మల్ల ఏపిస్తుండె. తలెత్తి సూసిందే లేదు.”

“ఫోటో ఉందా?”

“ఫోన్లు గేటుకాడనే పెట్టిచ్చుకుంటుండె.”

అక్కడ గొంతు తగ్గించాడు. భార్య మాసమ్మ కూడా ఫోటోనే అడిగిందట. ఏడాదిన్నర ఢిల్లీలో ఉండి ఒక్క ఫోటో అయినా తేని మొగుణ్ణి ఏ ఆడది నమ్ముతుంది? “ఆడ ఇంకో సంసారం పెట్టినవ్ గని, పార్లమెంటట!” అని అన్నం వడ్డిస్తూనే దెప్పేదట.

పిల్లలు మాత్రం ఏ సాక్ష్యమూ అడక్కుండా నమ్మేశారు, చప్పట్లు కొట్టారు. ఎంకయ్య ముఖం వెలిగిపోయింది. ఆ ఊపులో, “జర కాయితం మీద రాసియ్యుండ్రి మేడం, ఎంకయ్య చెప్పింది నిజమే అని. కింద సంతకం గూడ,” అన్నాడు.

రాసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“మాసమ్మ గారు చదువుతారా?” అన్నాను.

“ఆమెకు చదువు రాదు. ఎవలతోనన్న చదివిచ్చుకుంటుండె.” కాగితాన్ని మధ్యకు మడిచాడు. “పోయి రెండేండ్లాయె మేడం. గదే అనుకుంట పోయింది.”

ఎంకయ్య ఆ కాగితం నా బల్ల మీద పెట్టాడు.

“మీ తాననే ఉంచుండ్రి. ఇంట్ల అడిగెటోళ్లు లేరు.”