నత్తకు తగిలిన దిష్టి

ఇప్పుడు మూసాపేటలో ఉంటున్నాం గాని, వాన పడితే నాకు ప్రగతి నగర్‌లో అద్దెకున్న ఇల్లే గుర్తొస్తుంది. ఆ ఇంట్లో మాకొక నత్త ఉండేది. పొలం గట్ల మీద కనిపించే చిన్న నత్త కాదు. అరచేయంతా ఆక్రమించే గోధుమరంగు చారల రాకాసి నత్త. నర్సరీ నుంచి తెచ్చిన మందార కుండీలో వచ్చింది. అవి మొక్కల్ని బతకనివ్వవు, కనబడితే చంపేయాలంటారు తోటలు పెంచేవాళ్ళు. నేనూ అదే అన్నాను.

"మనింటికి వచ్చిందాన్ని చంపుతారటండీ?" అంది మా ఆవిడ.

అప్పుడామె మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇల్లు కదలడం లేదు. పాత చేపల తొట్టిలో తడిమట్టి పోసి, చిల్లుల మూత పెట్టి, దాన్ని అందులో ఉంచాం. దోసకాయ ముక్కలు, తోటకూర, గుల్ల గట్టిపడటానికి గుడ్డు పెంకుల పొడి దాని భోజనం. ఏం తిన్నదో, ఏం వదిలిందో నేను డైరీలో రాసేవాణ్ణి. తొట్టి ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలన్న నియమం కూడా నాదే. మధ్యాహ్నాలు ఆమె తొట్టి పక్కనే కుర్చీ వేసుకునేది. "కొరుకుతుంటే చప్పుడు వినిపిస్తోంది, రండి" అని పిలిచేది. చెవి ఆనిస్తే నిజంగానే వినిపించేది, కాగితం మీద పెన్సిల్ గీస్తున్నట్టు. ఆ రోజుల్లో మా ఇద్దరికీ అంతకంటే పెద్ద పనేమీ లేదు.

సంగతి అపార్ట్‌మెంట్ అంతా పాకింది. చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ, "బాగా ఒళ్ళు చేసిందే!" అంది. మర్నాటి నుంచి నత్త తిండి తగ్గించింది. మా ఆవిడకు ఇక అనుమానం లేదు.

శుక్రవారం నేను కూరగాయలకు వెళ్ళినప్పుడు పనామెతో చెప్పిందట.

"బకెట్లో గుప్పెడు కల్లుప్పు వేసి తుడువమ్మా. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి."

"నత్తకు దిష్టా అమ్మా? మా అత్తకు జెప్పాలె, పడి పడి నవ్వుతది!"

"ముందు తుడువు. తర్వాత అత్తాకోడళ్ళు కలిసి నవ్వుకోండి."

నేను తిరిగొచ్చేసరికి హాలంతా తడిగా ఉంది. దిష్టి తీయించిన సంగతి ఆమె సంబరంగా చెబుతుండగా తొట్టి వైపు చూశాను. మూత పక్కకు జరిగి ఉంది. నత్త లేదు.

"జలగ మీద ఉప్పేస్తే ఏమవుతుంది?" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇదీ అంతేనా అండీ?"

ముగ్గురం వెతికాం. "గిక్కడున్నది సారూ, నురుగొస్తున్నది!" అని తలుపు వెనక నుంచి పనామె కేక వేసింది. గుల్లలోకి ముడుచుకుపోయి, మూతి దగ్గర తెల్లటి నురగ. మా ఆవిడ చేతికర్ర సంగతి మరిచి లేచి వచ్చింది. కుళాయి కింద దాన్ని కడిగింది, మళ్ళీ కడిగింది. తడిగుడ్డ మీద పెట్టి కూర్చున్నాం.

"దాని మంచికేగా చేశాను" అంది.

పనామె ఫోను మోగింది. అవతల ఆమె పనిచేసే రెండో ఇంటివాళ్ళు. "వస్తున్న మేడం. జర పరేషాన్ల ఉన్నం. ఎవ్వలికంటే... ఎట్ల జెప్పాలె, నత్తకు పానం బాగలేదు." ఫోను పెట్టేసి, వెళ్ళకుండా మా దగ్గరే కూర్చుంది.

చాలాసేపటికి నురగ ఆగింది. గుల్ల అంచు నుంచి, కొనన కన్నున్న కొమ్ము ఒకటి మెల్లగా బయటికొచ్చింది. తర్వాత రెండోది.

"కండ్లు దెరిసింది!" అంది పనామె గుసగుసగా. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇల్లంతా మళ్ళీ మంచినీళ్ళతో తుడవమంది.

వయసైపోయి కదలడం మానేసేదాకా నత్త మాతోనే ఉంది. కాని ఆ శుక్రవారం తర్వాత ఎవరు చూడటానికి వచ్చినా, "ఇప్పుడే పడుకుందండీ" అని మా ఆవిడ గుమ్మంలోంచే పంపేసేది.

"ఎప్పుడొచ్చినా పండుడేనా?" అనేది పనామె, వాళ్ళు మెట్లు దిగకముందే. "మా ఇంటాయన లెక్కనే ఉన్నదమ్మా!"