పులుపక్క గరిటె

పాల కేంద్రంలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పైవాళ్ళకూ కిందివాళ్ళకూ, లారీ డ్రైవర్లకూ, అందరికీ ఆవిడ పులుపక్కే. లారీల్లోంచి దింపిన పాల క్యాన్లు వరసగా నిలబెడితే ఒక్కొక్కదాని మూత తీసి వాసన చూడటం, పొడవాటి కాడ ఉన్న స్టీలు గరిటెతో రెండు చుక్కలు తీసి నాలుక మీద వేసుకోవడం, పక్కనున్న తొట్టిలో ఉమ్మేయడం, తీర్పు చెప్పడం, ఇదీ ఆవిడ ఉద్యోగం. తీర్పు నోటితో చెబితే అక్కడ ఎవరికీ వినపడదు. ఒక పక్క యంత్రాల మోత, ఇంకో పక్క ఖాళీ క్యాన్ల గోల. అందుకని గరిటెతో క్యాన్ అంచు మీద కొడుతుంది. ఒక దెబ్బ కొడితే పాలు లోపలికి, రెండు దెబ్బలు కొడితే కాలవలోకి. మూడో తీర్పు లేదు.

ఏళ్ళ తరబడి అదే పని చేస్తే ఏమవుతుంది? చెయ్యి తన దారి తాను చూసుకుంటుంది. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే ఆవిడ చెంచా కంచం అంచు మీద తనంతట తానే టంగు టంగుమంటుంది. టీవీలో నచ్చని మనిషి కనబడితే పక్కనున్న గ్లాసు మోగుతుంది. ఆవిడ మొగుడు బస్సు నడుపుతాడు, కాస్త నోటి దురుసు మనిషి. "పెళ్ళికి ముందు నన్ను చూసిన రోజు నీ చేతిలో గరిటె లేదు కాబట్టి బతికిపోయాను" అంటుంటాడు. ఆవిడ నవ్వదు. రుచి విషయంలో వేళాకోళం ఆవిడకు గిట్టదు. ఆవిడ లెక్కలో పులుపంటే పాడవడం, పాడవడమంటే పారబోయడం. అందులో బుర్ర బద్దలుకొట్టుకోవడానికి ఏముంది?

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. అమ్మ పోయాక ఆవిడే పెంచింది. బడి అయ్యాక ఇంట్లో చూసుకునే దిక్కు లేక పాల కేంద్రం వెనక గదిలో కూర్చోబెట్టేది. అలా ఒక దెబ్బకూ రెండు దెబ్బలకూ తేడా వాడికి ఎక్కాల కన్నా ముందే వచ్చింది. పెద్దయ్యాక కూడా వాడు అక్కను అడగందే అడుగు తీసి అడుగు వేసేవాడు కాదు. ఏం చదవాలో, ఏ ఉద్యోగంలో చేరాలో, ఆఖరికి ఏ చెప్పులు కొనాలో కూడా అక్క సరేననాలి. ఒకే ఒక్కసారి చెప్పకుండా చేశాడు. బీమా ఆఫీసులో బంగారం లాంటి ఉద్యోగం మానేసి వచ్చి, బీరు కాస్తానన్నాడు. అదీ పుల్లటి బీరు.

"పాడైన బీరా?" అంది పులుపక్క.

"పాడైంది కాదక్కా. కావాలని పులియబెట్టింది. పళ్ళ రసం కలిపి చేస్తారు. సోర్ బీరంటారు దాన్ని."

"కావాలని ఎవడైనా పులియబెట్టుకుంటాడట్రా?"

"పాలల్లో తోడేసి పెరుగు చెయ్యట్లేదా? అదీ ఇదీ దగ్గరి చుట్టాలే."

"పెరుగు సంగతి వేరు" అంది. ఎలా వేరో ఆవిడకూ తెలియలేదు. తెలియకపోవడం ఆవిడకు అలవాటు లేదు కాబట్టి ఆ మాట అక్కడితో ఆపేసింది. అయినా తమ్ముడు తమ్ముడే. రెండు ఆదివారాలు వాడి పక్కన కూర్చుని బుట్టలకు బుట్టలు దానిమ్మకాయలు ఒలిచి పెట్టింది. గోళ్ళకు పట్టిన ఎరుపు వదలక, పాల కేంద్రంలో నలుగురూ అడిగితే "ఇంట్లో పని" అని తప్పించుకుంది.

గురువారం సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. "డ్యూటీ అయ్యాక ఇటు రా అక్కా. గరిటె కూడా తెచ్చుకో."

టైర్ల దుకాణానికీ లాండ్రీకీ మధ్య వాడు బీరు కాసే షెడ్డు అది. సిమెంటు నేల, మధ్యలో ఇనప జల్లెడ వేసిన కాలవ, గోడ వారగా మనిషి కన్నా ఎత్తైన స్టీలు ట్యాంకు. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన కొత్త కుర్చీలు ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. నేల కడిగిన తీరు చూసి ఆవిడకు ముచ్చటేసింది. పాల కేంద్రంలో కూడా అంత శుభ్రంగా కడగరు.

"శనివారం దుకాణం తలుపులు తీస్తానని అందరికీ చెప్పేశాను" అన్నాడు తమ్ముడు. "కానీ నువ్వు సరేనంటేనే. నీ గరిటె ఒకసారి మోగితే తీస్తాను. రెండుసార్లు మోగితే ఇదంతా కాలవలోకి వదిలేసి, సోమవారం పాత ఆఫీసుకు పోయి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడతాను."

"ఇదెక్కడి మెలికరా? తాగేవాళ్ళు తాగి చెబుతారు కదా."

"వాళ్ళు మొహమాటానికి బాగుందంటారు. నీకా గొడవ లేదు."

అది పొగడ్తో దెప్పిపొడుపో ఆవిడకు అర్థం కాలేదు. వాడు ట్యాంకు పక్కనున్న చిన్న కుళాయి తిప్పి గ్లాసులో పట్టి ఇచ్చాడు. ఎర్రగా ఉంది, పైన లేత గులాబీ రంగు నురగ. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు దానిమ్మ వాసన వచ్చింది. దాని వెనకే, మధ్యాహ్నం దాకా ఎండలో నిలిచిపోయిన లారీలోంచి దింపిన క్యాన్ వాసన. ఇక ఆలోచించే పని లేదనుకుంటుండగా, ఆ వెనక ఎక్కడో అప్పుడే కాల్చిన రొట్టె వాసన. పట్టుమని పది క్షణాల్లో ముక్కు మూడు రకాలుగా మాట మార్చడం ఆవిడ ఎరగదు.

గరిటె ముంచి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుంది. దవడలు లోపలికి లాక్కుపోయాయి. ఒక కన్ను దానంతటదే మూసుకుంది. పులుపు, అనుమానం లేదు. పోయిన సరుకు. కానీ పోయిన పాలల్లో పులుపు వెనక జిగటగా ఒక చెడ్డ రుచి వస్తుంది, ఇందులో అది రాలేదు. ఎంత వెతికినా రాలేదు. దాని బదులు పండు వచ్చింది, గింజ కొరికినప్పటి చిరుచేదు వచ్చింది. ఆ తర్వాత నోరంతా కడిగినట్టు శుభ్రమైపోయింది. ఇదేమిటని తేల్చుకునేలోపే అలవాటు కొద్దీ సింకులో ఉమ్మేసింది. ఉమ్మేశాక నోరు ఇంకొంచెం కావాలంది. అది మరీ వింతగా తోచింది. ఆ వింతలో మునిగి, ఆవిడ గోడకేసి చూస్తూ నిలబడిపోయింది.

నీళ్ళు పారుతున్న చప్పుడైంది. తిరిగి చూస్తే తమ్ముడు ట్యాంకు అడుగున ఉన్న పెద్ద కుళాయి దగ్గర వంగి ఉన్నాడు. ఎర్రటి బీరు నురగలు కక్కుతూ నేల మీదుగా కాలవలోకి పోతోంది.

"ఏం చేస్తున్నావురా?"

"నువ్వు చెప్పిందే చేస్తున్నాను."

"నేనేం చెప్పాను?"

"రెండు కొట్టావు కదక్కా. గ్లాసు మీద."

"ఎప్పుడు కొట్టాను?"

"ఇప్పుడేగా. టంగు టంగుమని."

ఆవిడ తన కుడిచేతిని చూసుకుంది. గరిటె ఇంకా గ్లాసు అంచు మీదే ఉంది. కాళ్ళ దగ్గర రెండు ఆదివారాల దానిమ్మ గింజలు, ఏడాది పాటు తమ్ముడు పడ్డ పాట్లు ఎర్రగా పారిపోతున్నాయి.

"కట్టెయ్ ముందు. కట్టెయ్యరా. కొట్టింది చెయ్యి, నేను కాదు."

వాడు కుళాయి కట్టేశాడు. సగానికి పైగానే మిగిలింది. తడిసిన చెప్పులతో అక్కకేసి అయోమయంగా చూశాడు. "నీ చెయ్యి నీది కాకపోతే ఎవరిదక్కా?"

"ఇంకో గ్లాసు పట్టు" అంది.

ఈసారి గరిటె పక్కన పెట్టి నోటి నిండా పుచ్చుకుంది. పుచ్చుకున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. ఏదైనా సరే రుచి చూడమని నోటికి అందిస్తే ఉమ్మేయడమే తప్ప మింగి ఎరగదు. ఉమ్మేస్తే తమ్ముడు మళ్ళీ వంగుతాడేమోనని భయం. మింగితే మచ్చలేని ఉద్యోగానికి మచ్చేమోనని బెంగ. కక్కలేక మింగలేక, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా కాసేపు అలాగే ఉండి, చివరికి మింగేసింది.

"ఎలా ఉంది?" అన్నాడు వాడు.

"ఉండు." ఇంకో గుక్క మింగింది.

"బాగుందా? పోయిందా?"

"తెలియట్లేదురా."

ఆ మాట అక్క నోట వినడం వాడికి అదే మొదలు. భయపడ్డాడు. ఆవిడ వాడికన్నా ఎక్కువ భయపడింది. తన మాట మీద వాడి బతుకు నిలబడి ఉంది, తీరా చూస్తే ఆ మాట తన దగ్గర లేదు. ఊరికే ఒక దెబ్బ కొట్టేస్తే వాడు ఎగిరి గంతేస్తాడు. కానీ తెలియకుండా ఒక్క దెబ్బ కూడా ఆవిడ ఎన్నడూ కొట్టలేదు. తమ్ముడి కోసమైనా సరే, కొట్టబుద్ధి కాలేదు. గరిటె తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఇది నా గరిటెకు అందే సరుకు కాదు. నాకు తెలిసిన పులుపు ఒక్కటే. ఇది అదే, మళ్ళీ అది కాదు. నువ్వే కొట్టు."

"నాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానక్కా?"

"ఏడాదిగా పొద్దస్తమానం దీంతోనే ఉన్నావు. ఇవాళ మొదటిసారి తాగినదాన్ని, నన్నడుగుతావేంరా?"

వాడు ఆ గరిటెను ఎటునుంచి పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాడు. గ్లాసులో మిగిలింది తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. పక్క లాండ్రీలో యంత్రం తిరగడం మొదలుపెట్టి షెడ్డంతా హోరుమంది. ఆ హోరులో వాడు గరిటెను ట్యాంకుకు తాకించాడు. కొట్టాడో ఆనించాడో వాడికే తెలియాలి.

"వినపడలేదు" అంది పులుపక్క.

వాడు పళ్ళు బిగించి గట్టిగా కొట్టాడు. ట్యాంకు ఖంగుమంది. ఆ మోత అణిగేదాకా ఇద్దరూ కదల్లేదు. అప్పుడు వాడి ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"అక్కా, రెండయ్యాయి."

వాడి చెయ్యి అప్పుడే కుళాయి వైపు పోతోంది. పులుపక్క ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది.

"మొదటిది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

"నాకు వినపడలేదుగా."

వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆవిడ తేల్చుకోలేకపోయింది. ఇవాళ తేల్చుకోలేనివాటిలో అదొకటి. చెయ్యి వదలకుండానే రెండో చేత్తో ఖాళీ గ్లాసు వాడి ముందు పెట్టింది.

"ఇంకొంచెం పట్టరా. నాకింకా అర్థం కాలేదు."