కువైట్ టైం గడియారం

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఆత్మకూరులో పిల్లలకు లెక్కలు చెబుతాను. కాలం, దూరం, వేగం... రెండు తెలిస్తే మూడోది తేలాల్సిందేనని బల్ల గుద్ది చెప్పే రకం. అందుకే ఇది రాయడం నాకే చిరాకుగా ఉంది.

మా ఇల్లు ఉదయగిరిలో. అక్క చాలా ఏళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అక్కడి టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ తీసివేత అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా కుదిరేది కాదు. చివరికి ముందుగదిలో, మన గడియారం పక్కనే, అక్క టైముకు ఇంకోటి పెట్టించుకుంది. అక్క సెలవుకు వస్తూ విమానం దిగానని ఫోన్ చేయగానే, స్టూలెక్కి దాన్ని మేకు నుంచి దించి మన టైముకు తిప్పేది.

"బిడ్డ మన నేల మీద ఉండాది," అనేది.

అమ్మ ఒక సాయంత్రం పోయింది. ఆఖరిచూపు దక్కేదాకా ఆపమని అక్క ఫోన్‌లో ఏడ్చింది. టికెట్ దొరికిందనీ, ఎక్కగానే చెబుతాననీ అంది. ఆ ఫోన్ రాలేదు.

నేను లెక్క వేశాను. మన టైం తెల్లవారుజాము మూడున్నరకు విమానం, చెన్నైకి ఐదు గంటలు, పొద్దున ఎనిమిదిన్నరకు దిగుతుంది. రోడ్డు మీద ఆరు గంటలు. మూడుకల్లా ఇంట్లో ఉంటుంది. సమాధి నాలుగింటికి అనుకున్నాం.

తొమ్మిదయినా కబురు లేదు. ఫోన్‌లో చూస్తే విమానం ఆలస్యమనే ఉంది. అక్క పనిచేసే ఇంటి సేఠ్ పాస్‌పోర్టు ఇచ్చి ఉండడనీ, అక్క అసలు ఎక్కలేదనీ చుట్టాలు తేల్చేశారు. తలెత్తి అక్క గడియారం చూశాను. ఆరున్నర.

పది కావస్తుండగా మళ్ళీ చూశాను. రెండు గడియారాలూ పదికి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తున్నాయి.

గది నిండా చర్చి పాటలు పాడుతున్న ఆడవాళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క స్టూలు అమ్మను ఉంచిన ఐస్‌పెట్టె స్టెబిలైజర్ కింద ఉంది. ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరూ ముట్టుకోలేదు. తొమ్మిది నుంచీ నేను గదిలోంచి కదల్లేదు.

నాలుగింటికి మబ్బు పట్టింది. పెదనాయన నా దగ్గరికొచ్చారు.

"వానొస్తే గుంత నిండిపోతాది. ఎక్కిందో లేదో తెలీని బిడ్డ కోసం ఎంతసేపురా?"

"దిగింది పెదనాయనా. చీకటి పడినా సరే, మూత వెయ్యనీను."

ఎలా తెలుసని ఆయన అడిగారు. పెట్టె పక్కనే కూర్చున్నాను. ఎవరెన్ని అన్నా లేవలేదు.

దీపాల వేళకు కారు ఆగింది. అక్క అమ్మ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు నాకూ ఏడుపు వచ్చింది.

చెన్నైలో వాన వల్ల విమానాన్ని బెంగళూరులో దించారట. కడప, బద్వేలు మీదుగా వచ్చింది. ఫోన్ కువైట్ ఎయిర్‌పోర్టులో చెకింగ్ ట్రేలోనే మరిచిపోయిందట. నోటికి వచ్చిన నంబరు అమ్మదొక్కటే, అది స్విచాఫ్. విమానం నేల తాకినప్పుడు పక్క సీటావిడ టైం చెప్పిందట. పదికి పది నిమిషాలు తక్కువ.

ఎవరైనా అమ్మ అలవాటు ప్రకారం తిప్పారనుకుంటే, విమానం దిగాల్సిన ఎనిమిదిన్నరకే తిప్పాలి కదా. బ్యాటరీ చూశాను, వెనక చక్రం చూశాను. లెక్క తేలలేదు.

అక్క మళ్ళీ కువైట్ వెళ్ళింది. స్టూలెక్కి గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పింది నేనే. ఆ రోజు ముందుకు తిప్పిందెవరో ఇప్పటికీ చెప్పలేను. ఈసారి అక్క వచ్చే రోజు మాత్రం దాన్ని ముట్టుకోను. దాని ఎదురుగా కూర్చుంటాను.