తెర మీద చక్రం

ఓ భక్తి మహాకావ్యం చెప్పబోతున్నాను. అంత లేదులెండి, తెనాలిలో మా ఇల్లు, టీవీలో దేవుడి కార్టూన్, అంతే. రేపల్లె నుంచి సెలవులకొచ్చిన నా నాలుగేళ్ల మేనకోడలు ఎవరూ చెప్పకుండా ఒక్కసారైనా దేవుడికి దణ్ణం పెడితే చూడాలని మా అమ్మ కోరిక. అందుకే రోజూ ఆ కార్టూన్ పెట్టేది. పిల్ల రాక్షస సంహారమంతా జంతికలు నములుతూ చూసేది. చేతులు మాత్రం కలిపేది కాదు.

ఆదివారం యుద్ధం మధ్యలో నెట్ నెమ్మదించి, బొమ్మ ఆగిపోయి, తెర మీద గుండ్రంగా ఒకటి తిరగడం మొదలైంది. పిల్ల జంతిక పక్కన పెట్టి చేతులు జోడించింది.

“అమ్మమ్మా, దేవుడి చక్రం వచ్చింది. దణ్ణం పెట్టుకో.”

అమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అది నెట్ ఆగిందమ్మా,” అన్నాను.

“నోరు మూసుకుని నువ్వూ పెట్టరా.”

పెట్టాను. సోమవారం కేబుల్ అబ్బాయి వచ్చి వైరు మార్చాడు. ఇప్పుడు కార్టూన్ ఎక్కడా ఆగడం లేదు.