కట్టు కట్టేంతసేపు

మాట్లాడటమే నా ఉద్యోగం. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ తరఫున సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్తాను. ఒకప్పుడు ఇరుకు హాల్లో, తిరగని ఫ్యాన్ల కింద కుర్రాళ్లు కిక్కిరిసి కూర్చునేవారు. వెనక బెంచీలో ఒకడు నిద్రపోయేవాడు, ఇంకొకడు వాణ్ని చూసి నవ్వేవాడు, నేను చాక్‌పీసు విసిరేవాణ్ని. ఇప్పుడు క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే. నా గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని చెప్తుంటాను. అవతల నల్లటి గళ్లు, గడికో పేరు, అందరి మైకులూ మూసే ఉంటాయి. "అర్థమైందా?" అంటాను. కాసేపటికి కింద "ఎస్ సార్" అని అక్షరాలు పడతాయి. జోకేస్తే నవ్వుతున్న బొమ్మ పడుతుంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. అయినా ఆ రోజు నేను ఎవరితోనూ మాట్లాడినట్టు ఉండదు.

విడాకులైన కొత్తలో సంగతి ఇది. గొడవలేమీ లేవు. ఇద్దరం సంతకాలు పెట్టి, కోర్టు బయట చెరో కొబ్బరిబొండాం తాగి, ఆవిడ విశాఖపట్నం వెళ్లిపోయింది, నేను అమీర్‌పేటకు ఆటో ఎక్కాను. జిరాక్సు షాపుల సందులో, మూడో అంతస్తులో ఒక గది తీసుకున్నాను. కింద కర్రీ పాయింట్ ఉంది. మొదటిరోజు అక్కడి ఆమె గరిటె పట్టుకుని, "ఒక్కరికేనా సార్?" అంది. మామూలుగానే అడిగింది పాపం. నాకు మాత్రం ఒళ్లు మండింది. "ఇద్దరికి" అన్నాను. ఒకసారి అన్నాక మాట మార్చుకోవడం కష్టం. రోజూ ఇద్దరికి కట్టించుకుని సగం తిని, మిగతా సగం మర్నాడు పొద్దున తినేవాణ్ని.

క్లాసుల కోసం కొన్న లాప్‌టాప్ చూసి పాత విద్యార్థి ఒకడు, "సార్, దీంట్లో గేములు అదిరిపోతాయి" అన్నాడు. నాకు ఆటలేంటి అనుకున్నాను. కానీ ఆదివారం మధ్యాహ్నాలు గడవడం లేదు. ఆ రోజు క్లాసుండదు, అంటే "ఎస్ సార్"లు కూడా ఉండవు. అలా వెతుక్కుంటూ వెళ్లి, బట్టతలా బొజ్జా వచ్చిన వయసులో సైన్యంలో చేరాను.

ఇది పిల్లలాడే డిష్యుం డిష్యుం ఆట కాదు. ఇందులో మనకో హోదా ఉంటుంది, పైవాడి మాట వినాలి. అసలు పేరు, ఊరు, ఉద్యోగం ఎవరూ అడగకూడదు, చెప్పకూడదు. మా దళంలో అందరూ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆడే తెలుగువాళ్లే. నాయకుణ్ని సుబేదార్ సాబ్ అనేవాళ్లం. మనిషి ఎలా ఉంటాడో తెలియదు కానీ గొంతు మాత్రం పక్కా హైదరాబాదీ. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం చేరేవాళ్లం. ఒక ఊరు పట్టుకోవాలి, లేదా ఒక గుట్ట నిలబెట్టుకోవాలి.

యుద్ధమంటే కాల్చడం అనుకున్నాను. చాలాభాగం నడవడమూ, బోర్లా పడుకోవడమూ, ఎదురుచూడటమూ అని తర్వాత తెలిసింది. శత్రువు కనపడడు. ఎక్కడో టప్పుమంటుంది, మన పక్కన దుమ్ము లేస్తుంది. అప్పుడు దళంలో సగంమంది అవతలివాణ్ని తల ఎత్తనివ్వకుండా కాలుస్తుంటే మిగతా సగం ముందుకు ఉరకాలి. తర్వాత వీళ్లు కాల్చాలి, వాళ్లు ఉరకాలి. మాట కూడా రెండు రకాలు. ఒక మీట నొక్కితే దగ్గరున్నవాళ్లకే వినిపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ సన్నబడిపోతుంది. ఇంకో మీట నొక్కితే వైర్‌లెస్, అందరికీ వెళ్తుంది. మొదటిరోజు నేను వైర్‌లెస్‌లో, "సుబేదార్ గారూ, శత్రువులు తూర్పు వైపు నుంచి వస్తున్నట్టున్నారండీ" అన్నాను.

"యుద్ధంల అండీ గిండీ ఏంది భాయ్?" అని అరిచాడు. "గంతసేపట్ల నలుగురు సస్తరు. తూర్పు అను, సాలు!"

తూటా తగిలితే ప్రాణం అంకెల్లో తగ్గదు. చేతికి తగిలితే గురి వణుకుతుంది. కాలికి తగిలితే కుంటుతాం. నెత్తురు పోతున్నకొద్దీ తెరమీద రంగులు వెలిసిపోయి, చివరికి అంతా నల్లబడుతుంది. మన గుండె చప్పుడొక్కటే మిగులుతుంది. అప్పటికింకా చావలేదు, పడ్డామంతే. కట్లు కట్టేవాణ్ని మెడిక్ అంటాం. అతను వచ్చి పక్కన కూర్చుని, ఒక్కో గాయానికీ కట్టు కట్టి, సెలైన్ ఎక్కిస్తే లేస్తాం. రాకపోతే పోతాం. పడ్డవాడికి చుట్టూ మాటలు వినిపిస్తాయి, వాడి మాట మాత్రం ఎవరికీ వినిపించదు. చేరినరోజే సుబేదార్ సాబ్ చెప్పాడు. "పడ్డోడు ఎంత మొత్తుకున్నా ఎవ్వనికి ఇనబడదు. సప్పుడు చెయ్యక పండాలె. మెడిక్ వస్తడు, ఫికర్ చెయ్యకు."

నేను తరచూ పడేవాణ్ని. మొదటిసారి పడ్డప్పుడు ఆ నలుపులోంచి పరుగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు, ఆ వెనకే ఒక కుర్ర గొంతు వినిపించాయి. "ఆగన్నా, వచ్చిన. కాలుకే తాకింది, ఏం గాదు." గుడ్డ చింపుతున్న చప్పుడు. నా కోసం ఒక మనిషి తూటాల మధ్య పరుగెత్తుకొచ్చాడు. ఆటేనని తెలుసు. అయినా కళ్లు తడిశాయి. "థాంక్సండీ" అన్నాను, వినపడదని తెలిసి కూడా.

అక్కడ మొదలైంది. నల్లటి తెరతో మాట్లాడటం నాకు రోజూ చేసే పనేగా. కాకపోతే ఇక్కడ వినేవాడు లేడని ముందే తెలుసు, అందుకని ఏదైనా చెప్పొచ్చు. మొదట్లో దొండకాయ వేపుడు గురించీ, ట్యాంకులో నీళ్లు రాకపోవడం గురించీ చెప్పాను. తర్వాత కోర్టు బయటి కొబ్బరిబొండాం సంగతీ, ఇద్దరి కూరల సంగతీ చెప్పాను. ఆ తర్వాత, ఎవరికీ చెప్పని మెట్రో సంగతి కూడా చెప్పేశాను. సాయంత్రం రద్దీవేళ అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్టలో దిగుతాను. ఒకటే స్టేషను, నడిచిపోవచ్చు. అక్కడ నాకు పని కూడా ఉండదు. పెట్టెలో జనం భుజాలు తగులుతాయి, "జర జరుగుర్రి అంకుల్" అంటారు. ఆ మాట కోసం ఎక్కుతాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఒక టీ తాగి, వెనక్కి వచ్చే రైలు ఎక్కుతాను. ఇదంతా, అతను నాకు కట్టు కట్టేంతసేపు, పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ని. కొన్ని ఆదివారాలు తూటా తగలాలనే తల కాస్త ముందే ఎత్తేవాణ్నేమో కూడా.

నాకు కట్టు కట్టడానికి అతనికి చాలాసేపు పట్టేది. "ఒక్కనికే ఎంతసేపు కడ్తవ్ భాయ్!" అని సుబేదార్ సాబ్ వైర్‌లెస్‌లో మండిపడేవాడు. "మస్తు తాకినయి సాబ్" అనేవాడు మెడిక్. కొత్తవాడేమో, చెయ్యి తిరగలేదనుకున్నాను. ఒక ఆదివారం ఆట ముగిశాక, "అన్నా, ఎండలు ముదిరినయి. రాత్రి కూర పొద్దుగాల తినకు, ఖరాబైతది" అన్నాడు. అందరికీ చెప్పే జాగ్రత్తే అనుకుని, సరేనండీ అన్నాను.

తర్వాత ఒక ఆదివారం అతను రాలేదు. "గా మెడిక్ ఇయ్యాల లేడు. నువ్వు మందుల సంచి పట్టు భాయ్. కాల్చుడైతే నీతోని అయితలేదు" అన్నాడు సుబేదార్ సాబ్. ఏ మీట నొక్కితే కట్టు, ఏది నొక్కితే సెలైన్, గబగబా చెప్పాడు. కాసేపటికి గోడ పక్కన ఒకడు పడ్డాడు. వెళ్లి పక్కన కూర్చుని కట్టు మీట నొక్కి పట్టుకున్నాను.

"అగో, పాలు పొంగుతున్నయి! ఎవరన్న స్టవ్ బంద్ చెయ్యుర్రి!" అంటున్నాడు పడ్డవాడు, వాళ్లింట్లో ఎవరితోనో.

మీట వదిలాను. గొంతు ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ వచ్చింది.

ఆట ముగిశాక సుబేదార్ సాబ్‌ను అడిగాను, మెడిక్‌కు వినిపిస్తుందా అని. "చెయ్యి పెట్టినంతసేపు ఇనిపిస్తది" అన్నాడు. "దెబ్బ యాడ తాకిందో అడగాలె గదా. మెడిక్‌లకే ఎరుక. అందరికి చెప్తే పడ్డోళ్లంత లొల్లి లొల్లి చేస్తరు."

హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరి కూరలు, మెట్రో, కొబ్బరిబొండాం, అన్నీ విన్నాడు. ఎవరో కూడా తెలియని ఒక కుర్రాడి ముందు ఇన్నాళ్లూ నా బతుకంతా పరిచాను. కోపం కూడా వచ్చింది. వినపడుతోందని ఒక్క ముక్క చెప్పొచ్చుగా? మానేద్దామనుకున్నాను. మానేస్తే ఈ ఊళ్లో నా కోసం పరుగెత్తుకొచ్చేవాళ్లు ఆటలో కూడా ఉండరు. వెళ్తే ఏ మొహం పెట్టుకుని ఆ గొంతు వినను?

ఆ వారమంతా అదే గోల. మెట్రోలో ఎవరైనా "అన్నా" అంటే ఉలిక్కిపడి చూసేవాణ్ని. ఇతనేనేమో, నా పక్కనే నిలబడి నన్ను చూసి జాలిపడుతున్నాడేమో అనిపించేది. పంజాగుట్టలో టీ కూడా సహించలేదు. కర్రీ పాయింట్ ముందు నిలబడి, చాలాసేపు ఎవరికి కట్టమనాలో తేల్చుకోలేకపోయాను. చివరికి ఇద్దరికే అన్నాను. ఆ పొట్లం విప్పుతున్నప్పుడు తట్టింది. పాలు పొంగినవాడికి కట్టు కట్టడానికి, మొదటిసారి చేస్తున్న నాకే ఎక్కువసేపు పట్టలేదు. నా ఒక్కడికే అతనికి అంతసేపు ఎందుకు పట్టేది?

ఆదివారం వెళ్లాను. ఒక వంతెన కాపాడాలి. మెడిక్ వచ్చాడు, ఏమీ ఎరగనట్టే మాట్లాడాడు. నేనూ అంతే. కావాలని కాదు, వంతెన ఇవతల మెట్ల దగ్గర నిజంగానే రెండు తూటాలు తగిలి పడ్డాను. నలుపు. గుండె చప్పుడు. బూట్ల చప్పుడు. గుడ్డ చిరిగింది. నేను పళ్లు బిగించి కూర్చున్నాను.

ఒక కట్టు కట్టేశాడు.

"ఏమైందన్నా? ఇయ్యాల ఏం చెప్తలేవు?"

"వింటున్నావా?" అన్నాను. అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"ఇంటనే ఉన్న గదన్నా."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు బంద్ చేస్తవని."

తెరమీద రంగులు ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. లేచేసరికి అతను నా ఎదురుగా మోకాళ్లమీద ఉన్నాడు. ఏదో అనబోయాను. అంతలో టప్పుమంది, అతను పక్కకి ఒరిగిపోయాడు. అతని సంచి అందుకుని, కిందటివారం నేర్చుకున్నట్టే పక్కన కూర్చుని మీట నొక్కాను. ముందు ఊపిరి వినిపించింది. తర్వాత మాట.

"మా నాయినకు మాట పడిపోయిందన్నా. పక్షవాతం. ఇంట్ల మస్తు మందిమి ఉంటం. ఆయన ముంగట అందరు ఒర్రుతరు, చెవుడు అనుకుంటరో ఏమో. నేనే పక్కన కూసుంట, ఏమన్న అంటడేమో అని. ఏమనడు. మొన్న ఆదివారం దవాఖానకు తోల్కపోయిన, అందుకే రాలె. నువ్వు గా మెట్రో ముచ్చట చెప్పినప్పుడు, ఒక మనిషి పండుకోని గిట్ల మాట్లాడ్తుంటే... ఇంకింత సేపు ఇనబుద్ధైంది. నీ ముచ్చట్లు ఎవ్వలకు చెప్పలేదన్నా."

"నువ్వు చెప్పు తమ్ముడూ" అన్నాను.

"జర మెల్లగ కట్టు మరి."

వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్ గొంతు చించుకుంటున్నాడు. వంతెన మీదికి వచ్చేస్తున్నరు, మెడిక్ లేస్తలేడు, ఒక్కనికే ఎంతసేపు కడ్తవ్ భాయ్!

"చాలా తగిలాయి సాబ్" అన్నాను.

ఆ ఆదివారం వంతెన పోయింది. అప్పటికి అతను వాళ్ల నాన్న గొంతు ఎలా ఉండేదో చెప్తున్నాడు, నేనింకా మొదటి కట్టు దగ్గరే ఉన్నాను.