కొమ్ము ఊడని దూకుడు

మా అన్నయ్య నింపురా రైల్వే షెడ్డులో ఫిట్టరు, అక్కడి కబడ్డీ జట్టుకు కెప్టెను. నేను సుభాష్‌పల్లిలో మా ఇంటి ముందుగదిలో చొక్కాల మీద అచ్చు వేస్తాను. మొదటిసారి జట్టుకు నల్ల చొక్కాలు నేనే చేసిచ్చాను, గుండెల మీద తెల్లటి అక్షరాలతో "దూకుడు" అని. కొద్ది ఉతుకులకే మధ్యలో "కు" పెచ్చులూడిపోయింది, వెంటనే "డు"కున్న కొమ్ము కూడా రాలింది. కొమ్ము ఊడాక మిగిలేది దూడే కదా! మావాళ్ళు బరిలో దిగినప్పుడల్లా అవతలి జట్టు "అంబా" అని అరిచేది.

అన్నయ్య చొక్కా తెచ్చి నా ముందు పరిచాడు.

"ఇంకొక్కసారి నీకే ఇత్తాను సెల్లీ. మళ్ళీ దూడయితే జట్టు నా మాట ఇనదు. కలకత్తాలో సేయించీసుకుంతారు."

నాకు ఒళ్ళు మండింది. అన్నయ్య మీద కాదు, ఆ రంగు మీద. సొంత అన్న జట్టుకే పనికిరాని పని అనిపించుకోవడం కన్నా నామోషీ ఏముంటుంది?

నల్లగుడ్డ మీద తెల్లరంగు పెంకి రకం. పలచగా వేస్తే గుడ్డ తాగేస్తుంది. ఒకేసారి మందంగా వేస్తే పైన ఎండి, లోపల పచ్చిగా ఉండి, ఉతికితే లేచిపోతుంది. అందుకని ఈసారి పలచగా ఒక పూత వేశాను, అది ఆరాక ఇంకొకటి వేశాను. ఇక మిగిలింది పెద్ద ఇస్త్రీపెట్టెలాంటి వేడి ప్రెస్సు కింద పెట్టి బాగా కాచడం. సగం చొక్కాలు కాచేసరికి కరెంటు పోయింది.

నాకు బజారు పని ఉంది. నాకు సాయం చేసే పక్కింటి బెంగాలీ దీదీకి, కరెంటు రాగానే బాగా కాచాలని మరీమరీ చెప్పాను. ఠీక్ హై అంది. మా తెలుగువాళ్ళ మధ్యే పెరిగిన మనిషి, మన మాట బాగానే అర్థమవుతుంది. తంటా అంతా అక్కడే వచ్చింది.

తిరిగొచ్చేసరికి డాబా మీద తీగ నిండా చొక్కాలు, నీళ్ళు కారుతూ. బెంగాలీలో కాచా అంటే బట్టలుతకడం. కరెంటు వస్తే మోటారు, మోటారు తిరిగితే నీళ్ళు. ఉతికి పరీక్ష చేయమన్నాననుకుని కాచినవీ కాచనివీ కలిపి సబ్బు రుద్ది, బ్రష్షు పెట్టి, బండకేసి బాది మరీ ఉతికింది. నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాను.

"నువ్వే బాగా కాచాలి అన్నావు కదా. నా సెయ్యి పడిపోనాది" అంది దీదీ, భుజం పట్టుకుని.

నోటిదాకా వచ్చిన కోపం నవ్వయిపోయింది. నవ్వుతూనే తీగ దగ్గరికి వెళ్ళాను. కాచని వాటి మీద రంగు ఒలికిన పాలలా కారిపోయింది. కాచిన వాటి మీద "దూ" ఉంది, "కు" ఉంది, "డు" కొమ్ముతో సహా ఉంది. గోటితో గీకాను, గుడ్డ లాగి చూశాను. చెక్కుచెదరలేదు. అంత మొరటు పరీక్ష పెట్టే ధైర్యం నాకైతే వచ్చేది కాదు. పట్టలేని సంతోషంతో దీదీని వాటేసుకుని డాబా మీద గిర్రున తిప్పేశాను. మిగతా వాటి మరకలు వదిలించి, ఆరాక మళ్ళీ అచ్చు వేశాం. ఈసారి "గరమ్, దీదీ, గరమ్" అని హిందీలో చెప్పాను.

ఆ చొక్కాలతో జట్టు కొన్ని ఆటలు గెలిచింది, కొన్ని ఓడింది. అంబా అన్నవాడు మాత్రం లేడు. మొన్న అన్నయ్య మళ్ళీ సంచీ పట్టుకుని వచ్చాడు, కొత్త చొక్కాలు కావాలన్నాడు.

"ఏటి, మళ్ళీ పోనాయా?"

అన్నయ్య సంచీలోంచి పాత చొక్కా తీసి నా ఒళ్ళో వేశాడు. మా వదిన ఉతుకుడికి నలుపు బూడిద రంగుకు తిరిగింది, కాలరు పీలికలైంది, చంక కింద చిరిగింది.

"సొక్కా పోనాది సెల్లీ" అన్నాడు. "అచ్చరాలు పోనేదు."