దొర గడియారం నీళ్లు తాగిన సంగతి

మొగులు పట్టిందంటే మా నిజామాబాద్‌లో రైతులతో పాటు నేనూ సంబరపడేవాణ్ని. స్టేషన్ బజారులో నాది గడియారాలు బాగుచేసే దుకాణం. నాలుగు చినుకులు పడితే చాలు, వకీళ్లూ, కచేరీ ఉద్యోగులూ, పసుపు వ్యాపారులూ చెమ్మ పట్టిన గడియారాలను రుమాళ్లలో చుట్టి, జ్వరమొచ్చిన పసిపిల్లల్ని తెచ్చినట్టు తెచ్చేవాళ్లు. ఎండాకాలంలో చెమట, వానాకాలంలో వాన. నా పొయ్యి ఆరకుండా చూసింది ఈ రెండే.

బోధన్ దగ్గర ఒక చెరుకుతోటల దొర ఉండేవాడు. ఊళ్లు రెండే అయినా నోరు మాత్రం నాలుగూళ్లకు సరిపడా. ఆయన జేబు గడియారానికి జరిగినంత సేవ గుళ్లో దేవుడికి కూడా జరిగేది కాదు. దొర చెయ్యి కడుక్కోవాలంటే ముందు గడియారం పట్టుకోవడానికి ఒక మనిషి రావాలి. రోజూ పొద్దున దాని బొడిపె తిప్పి చావి ఇవ్వడానికి ఇంకో మనిషి. చావిని సావి అనే ఊరంతా ఆ ముసలాయన్ని సావి తాత అనేది. ముప్పై ఏళ్లుగా ఆయన పని అదొక్కటే. చేతులు తుడుచుకొని, చావి ఇచ్చి, మెత్తటి గుడ్డ మీద పెట్టి దొరకు అందించేవాడు. అందుకు గడీ వెనక గుడిసె, ఏటికింత జొన్నలు. ఆయనా అవ్వా అందులోనే బతికేవాళ్లు. దొర మాత్రం ఆ బొడిపెను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. తన గడియారానికి తనే చావి ఇచ్చుకుంటే ఇక దొరకూ గుమాస్తాకూ తేడా ఏముంది?

బోధన్‌లో చక్కెర కార్ఖానా లేచాక కథ మారింది. మరలు బిగించడానికి వచ్చిన ఒక ఇంజనీరు, చేతికి గడియారం ఉండగానే బకెట్లో మోచేతిదాకా ముంచి కడుక్కోవడం దొర చూశాడు. ఇక ఆయనకు అన్నం సయించలేదు. నిన్నటిదాకా గడియారాన్ని తడవనివ్వకపోవడం గొప్ప. ఆ రోజు నుంచి పదిమందిలో తడిపి చూపించడం గొప్ప అయింది. బొంబాయికి మనిషిని పంపి అలాంటిదే తెప్పించాడు.

దాంతో పాటు ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. గడీలో దాన్ని చదివే నాథుడు లేడు. దొర తన భజనపరుల్ని, సావి తాతనూ వెంటేసుకొని నా దుకాణానికి వచ్చాడు. నాకొచ్చిన ఇంగ్లీషు గడియారాల వరకే గానీ, ఆ కాగితం అర్థమైంది. బొడిపెను మర విప్పి చావి ఇవ్వాలి. ఇచ్చాక లోపలికి నొక్కి, మళ్లీ మర బిగించాలి. బిగించకపోతే నీళ్లు పోతాయి.

నేనింకా నోరు విప్పకముందే దొర నా కుండలోంచే చెంబెడు నీళ్లు ముంచి గడియారాన్ని అందులో పడేశాడు. బొంబాయి నుంచి బిగించే వచ్చింది కాబట్టి అది టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"సూసినవ్రా? ఇగ ఎంత వాన పడ్డా నీ కాడికి ఎవ్వడు రాడు. దుకాణం బంద్ జేసి మా చెర్కు నరకనీకి రా!"

భజనపరులు పొట్టలు పట్టుకొని నవ్వారు. నేను గడియారాన్ని చెంబులోంచి తీసి తుడిచాను.

"మా ముసలోనికి సావి ఇచ్చుడు సూపెట్టు" అన్నాడు దొర.

చూపించాను. మర విప్పాను, తిప్పాను, తాత చేత కూడా తిప్పించాను. మొరటు వేళ్లయినా ఎంత నాజూకుగా తిప్పాడో!

"గంతేనా, బిడ్డా?" అన్నాడు.

"గంతే, తాతా" అన్నాను.

బిగించే సంగతి మింగేశాను. తాగనీ నీళ్లు, వీడి పొగరు దిగనీ అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించానన్న సోయి ఆ పూట నాకు లేదు.

తర్వాత చెరుకు నరికే ముందు గడీలో పెద్ద విందు. గోడ గడియారం ఆగిందని నన్నూ పిలిపించారు. నిచ్చెన మీద నేను, కింద అధికారులూ, వకీళ్లూ. దొర ఇత్తడి గంగాళం తెప్పించి, అందరూ చూస్తుండగా గడియారాన్ని ముంచి, తీసి చేతికి పెట్టుకున్నాడు. చప్పట్లు మోగాయి.

"టైమెంతయింది దొరా?" అన్నాడొకడు.

"పదకొండు మీద పది నిమిషాలు."

పన్నెండుకు వడ్డన. చాలాసేపటికి ఇంకొకడు అడిగాడు. పదకొండు పదే. ఎండ అరుగు దాటింది, వంటింట్లో కూరలు చల్లారాయి, అయినా దొర చేతిమీద పదకొండు పదే. పెద్దమనుషులు గుటకలు మింగుతున్నారు తప్ప ఒక్కడికీ నోరు రాలేదు. ఇంతలో నేను బాగుచేసిన గోడ గడియారం ఠంగుమని ఒంటిగంట కొట్టింది.

"అరే, గది ఉరుకుతున్నది. సక్కగ జెయ్!" అని గర్జించాడు దొర.

నేను దాని ముళ్లను పదకొండు పదికి తిప్పాను. నా పనితనానికి అంతకంటే అవమానం మళ్లీ జరగలేదు.

చివరికి దొరకే ఆకలేసి గడియారాన్ని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. అద్దం కింద ఒక నీటిబొట్టు అటూ ఇటూ దొర్లుతోంది.

"ముసలోడా! ఏం జేసినవ్రా దీన్ని?"

తాత చేతులు జోడించాడు. "బాంచెన్ దొరా, గాయన సూపిన తీర్గనే తిప్పిన."

దొర నా వైపు తిరిగాడు. "ఏమ్రా, నువ్వు సక్కగ సూపలేదా?"

అక్కడున్నవాళ్లలో సగంమంది నా గిరాకీలే. నిజం చెబితే దుకాణం మునుగుతుంది, చెప్పకపోతే తాత మునుగుతాడు. ఎక్కువసేపు ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించలేదు.

"సూపిన దొరా. ముసలాయనకు యాది తప్పిందేమో."

తాత నన్ను చూశాడు. పొద్దు గూకకముందే గుడిసె ఖాళీ చేయించారు. తాతా అవ్వా మూటలు నెత్తినపెట్టుకొని ఇందల్వాయి దిక్కు చుట్టాల ఊరికి పోయారని విన్నాను.

ఆ గడియారం నా దగ్గరికే వచ్చింది. పాత గడియారాల వీపు గోటితో తెరుచుకునేది. దీని వీపుకు మరలు, నా పనిముట్లు ఏవీ పట్టలేదు. ఇనుపముక్కను ఆకురాయితో అరగదీసి కొత్తది చేసుకున్నాను. అప్పట్నించి దొర తనే చావి ఇచ్చుకునేవాడట, తలుపు మూసుకొని, ఎవరూ చూడకుండా. దొంగతనం చేస్తున్నట్టు! చూస్తుండగానే వకీళ్లూ వ్యాపారులూ అలాంటివే కొన్నారు. కొన్నవాడల్లా బొడిపె బిగించకుండా చెంబులో ముంచేవాడే. నీళ్లు చొరని గడియారాలు నా దుకాణాన్ని నింపినట్టు వానలు కూడా ఏనాడూ నింపలేదు.

ఒక మధ్యాహ్నం పసుపు కొమ్ముల బండి మీంచి తాత దిగాడు. చిక్కి సగమయ్యాడు. నా బల్ల ముందు కూర్చున్నాడు.

"నాకేం యాది తప్పలే, బిడ్డా. నువ్వు సూపనిది యాదెట్లుంటది? గా మిగిలిందేందో ఇప్పుడన్న సూపెట్టు."

బల్ల మీద అలాంటి గడియారమే ఒకటుంది. తలెత్తలేకపోయాను. బొడిపెను నొక్కి, మర బిగించి, మళ్లీ విప్పి ఆయన చేతికిచ్చాను. తాత పంచెకు వేళ్లు తుడుచుకున్నాడు. నొక్కాడు, బిగించాడు. తప్పు పోలేదు. అలవాటు ప్రకారం మెత్తటి గుడ్డ మీద పెట్టి నా ముందుకు జరిపాడు.

"గింతేనా, బిడ్డా?" అన్నాడు.

ఆ రోజు 'గంతే' అనడానికి నాకు నోరు రాలేదు.